కొలిమి ఉదాహరణ

నేను రిటైరైన రోజున స్కూల్లో చిన్న సభ పెట్టారు. నా దగ్గర చదువుకుని కాలేజీలో లెక్చరరైన ఒకాయన మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. మా మాస్టారు నక్షత్రాల పాఠం చెబుతుంటే కొలిమి కళ్ళముందు కనిపించేదన్నాడు. ఇనుము కాగేటప్పుడు ముందు ఎర్రబడుతుంది, ఇంకా కాగితే పసుపు పచ్చనవుతుంది, మరీ కాగితే తెల్లబడుతుంది, నక్షత్రాలదీ అదే వరస, ఎర్రది తక్కువ వేడి, తెల్లది ఎక్కువ వేడి, ఈ ఒక్క ఉదాహరణ తనను ఫిజిక్సు వైపు నడిపించిందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు. నేను రెండు చేతులూ జోడించి నవ్వాను.

ఆ ఉదాహరణ నాది కాదు. ఎవరిదో చెప్పడానికి ఆ సాయంత్రం మైకు నా చేతికి కూడా ఇచ్చారు. తీసుకున్నాను, అందరికీ కృతజ్ఞతలు చెప్పాను, తిరిగి ఇచ్చేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన సైన్సు మాస్టర్లు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి మీ అనుభవాలు చెప్పండి సార్ అంటుంటారు. నేను బాగా పాఠం చెప్పిన రోజుల గురించి చెప్పి పంపిస్తుంటాను. ఇది మాత్రం చెప్పను. చెప్పలేనిది రాయడం కాస్త తేలిక కాబట్టి రాస్తున్నాను.

డెబ్బైల నడుమ నేను తిరువూరు హైస్కూల్లో సైన్సు మాస్టారిని. వయసు ముప్పైకి ఇవతల. బి.యస్సీ. ఫిజిక్సు, ఆపైన బి.యీడీ. గంపలగూడెం వైపు మా నాన్నకి మాగాణీ, మామిడితోటా ఉండేవి. ఉద్యోగం పర్మనెంటు. అంటే నాకు తిండికీ కొలువుకీ ఏ భయమూ లేదు. ఇది గుర్తుంచుకోండి, తర్వాత అవసరమొస్తుంది. నాకున్న దిగులల్లా ఒకటే, ఎలాగైనా విజయవాడకి ట్రాన్స్‌ఫర్ చేయించుకోవాలి. నాలాంటి తెలివైనవాడు తిరువూరులో ఉండిపోవడం దేశానికి నష్టమని గట్టిగా నమ్మేవాణ్ణి.

మా స్టాఫ్‌రూములో కుర్చీలు సబ్జెక్టు మాస్టర్లవి. గుమ్మం పక్కన ఒక పొడుగాటి బెంచీ ఉండేది, దానిమీద డ్రాయింగు మాస్టారు, క్రాఫ్టు మాస్టారు, డ్రిల్లు మాస్టారు కూర్చునేవాళ్ళు. అలా కూర్చోమని ఎవరూ రూలు పెట్టలేదు. కుర్చీ ఖాళీగా ఉన్నా వాళ్ళు కూర్చునేవాళ్ళు కారు, కూర్చోమని మేమూ అనేవాళ్ళం కాదు.

ఆ బెంచీమీది డ్రాయింగు మాస్టారి గురించే నేను చెప్పేది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దవాడు. ముస్లిం. వాళ్ళ నాన్నది బస్టాండు వెనక కొలిమి. బండిచక్రాలకి ఇనుప పట్టాలు వెయ్యడం, నాగలి కర్రులు సాగదీయడం వాళ్ళ ఇంటి పని. ఈయన చిన్నప్పుడు తిత్తి ఊది, ఆ తర్వాత బొమ్మల మీద మోజుతో డ్రాయింగు పరీక్షలు పాసై మా స్కూలుకొచ్చాడు. ఏడేళ్ళుగా టెంపరరీ. ఏప్రిల్లో స్కూలు మూసినప్పుడు ఉద్యోగం పోయేది, జూన్లో తెరిచాక మళ్ళీ ఇచ్చేవాళ్ళు. ఎండాకాలం రెండు నెలలూ కొట్ల బోర్డులు రాసేవాడు. నాకంటే పెద్దవాడైనా నన్ను సార్ అనేవాడు. నేను ఆయన్ని మాస్టారూ అనేవాణ్ణి. ఆ రెండు పిలుపులకీ ఎంత తేడా ఉందో మా ఇద్దరికీ తెలుసు.

ఆ ఏడాది డివిజను స్కూళ్ళన్నిటి సైన్సు ఫేర్ మా స్కూల్లోనే పెట్టాలని నిర్ణయించారు. విద్యాశాఖ ఆఫీసరుగారు స్వయంగా వస్తారన్నారు. మా హెడ్మాస్టరుగారు నన్నూ డ్రాయింగు మాస్టారినీ గదిలోకి పిలిచి, చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టేలా ఏదైనా చెయ్యమన్నారు. డ్రాయింగు మాస్టారితో ప్రత్యేకంగా ఒక మాటన్నారు. ఈసారి పోస్టు పర్మనెంటు చెయ్యమని నేను రాయబోతున్నాను, ఆఫీసరుగారు తన కళ్ళతో నీ పని చూస్తే సంతకం తేలికవుతుంది, చూసుకో అన్నారు. ఆయన గదిలోంచి బయటికొచ్చాక వరండాలో స్తంభం పట్టుకుని ఒక నిమిషం నిలబడిపోయాడు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళమ్మకి ఉబ్బసం. ఏడు ఎండాకాలాలు నిచ్చెనల మీదే గడిపిన మనిషి.

నక్షత్రాల పుట్టుక నుంచి చావు దాకా పెద్ద గుడ్డమీద వేయించాలన్నది నా ఆలోచన. మా పుస్తకంలో దాని గురించి నాలుగు వాక్యాలే ఉన్నాయి. విజయవాడ వెళ్ళి లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని మధ్యాహ్నమంతా నోట్సు రాసుకున్నాను. చివర్లో ఒక పట్టిక ఉంది, ఏ రంగు నక్షత్రానికి ఎంత వేడి అని. రంగులు ఒక కాగితం మీద కిందనుంచి పైకి, వేడి అంకెలు ఇంకో కాగితం మీద పైనుంచి కిందికి ఎక్కించాను. అలా ఎందుకు చేశానంటే తిరువూరు బస్సుకి టైమైంది, పుస్తకం అప్పటికే సగం మూసేశాను. ఇంటికొచ్చి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఎర్ర నక్షత్రం అన్నిటికంటే వేడి అనీ, నీలం, తెలుపు అన్నిటికంటే చల్లన అనీ తేలింది. ఒక్క క్షణమైనా అనుమానం రాలేదు. నిప్పు ఎర్రన, నీళ్ళు నీలం, ఇంకేం కావాలి? నా అజ్ఞానానికి పుస్తకం సాక్ష్యం కూడా దొరికింది.

డ్రాయింగు మాస్టారు పది గజాల ముతక గాడా గుడ్డ తెచ్చి, గంజి పెట్టి, ఎండలో ఆరబెట్టి, స్కూలు వెనక రేకుల షెడ్డులో వెదురుకర్రల మీద బిగించాడు. రంజాన్ నెల. ఉపవాసంతోనే మధ్యాహ్నాలు ఆ రేకుల కింద నిలబడి వేసేవాడు. నేను స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ నోట్సు చదివి చెప్పేవాణ్ణి. మొదట ఆకాశంలో ధూళి, వాయువు కలిసిన మేఘం. అది తన బరువుకి తానే లోపలికి కుంగి, కుంగినకొద్దీ కాగి, నడిమధ్యలో మంట రాజుకుని నక్షత్రమవుతుంది. అలా కోట్ల ఏళ్ళు నిలకడగా వెలుగుతుంది. లోపలి ఇంధనం తరిగిపోయాక ఉబ్బి, ఎర్రబడి, పెద్ద గోళమవుతుంది. తర్వాత పైపొరలు విడిచిపెట్టి చిన్న తెల్లటి నక్షత్రంగా మిగులుతుంది. మన సూర్యుడి దారి ఇది. మరీ బరువైన నక్షత్రాలది ఇంకో దారి, అవి ఒక్కసారిగా పేలిపోతాయి. వాటిలో కొన్ని, వెలుగు కూడా బయటికి రాలేని చీకటి గుంటలవుతాయి.

ఆయన వింటూ వేసేవాడు. వెలుగు బయటికి రాని చోటుని ఎట్లా వెయ్యాలి సార్ అని రెండు రోజులు మథనపడ్డాడు. చివరికి దీపపు మసి తెచ్చి మెరుపు లేకుండా గుండ్రంగా పూసి, దాని చుట్టూ ఉన్న చుక్కలన్నీ కొద్దిగా దూరం జరిపాడు. దూరాన్నుంచి చూస్తే గుడ్డకి నిజంగా కన్నం పడినట్టుండేది. ఆకాశానికి బట్టల నీలిమందు కలిపాడు. అంత అందమైన పని మా స్కూల్లో అంతకుముందు జరగలేదు, నేనున్నన్నాళ్ళూ మళ్ళీ జరగలేదు.

ప్రతి నక్షత్రం పక్కనా ఒక థర్మామీటరు బొమ్మ వెయ్యమన్నాను, వేడి ఎంతో పిల్లలకి తెలియడానికి. ఎర్రగోళం పక్కన పాదరసం పై దాకా, నీలం నక్షత్రం పక్కన అడుగున. అప్పుడాయన కుంచె ఆపాడు.

"సార్, ఇది తిరగబడిందేమో ఒకసారి చూడండి. ఇనుము ఎర్రగా ఉన్నప్పుడు వంగుద్ది అంతే. రెండు ముక్కలు అతుక్కోవాలంటే తెల్లగా కాగాలి. ఎర్రదానికంటే తెల్లదే ఎక్కువ వేడి సార్."

నేను నవ్వాను. ఇది కొలిమి కాదు మాస్టారూ, ఫిజిక్సు అన్నాను. ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నదే రాసుకొచ్చానన్నాను. ఆయన ఇంకేం అనకుండా థర్మామీటర్లు వేశాడు. కానీ మర్నాడు మళ్ళీ వచ్చాడు. బస్టాండుకి వెళ్ళే దారే కదా సార్, ఒక్క ఐదు నిమిషాలు మా కొలిమి దగ్గర ఆగండి, నాన్న ఇవాళ అతుకు వేస్తున్నాడు, మీ కళ్ళతో చూడండి అన్నాడు. చూస్తాన్లే అన్నాను. ఆ సాయంత్రం కొలిమి ముందునుంచే నడిచి వెళ్ళాను. సమ్మెట దెబ్బలు వినిపించాయి. తల తిప్పలేదు. బెంచీ మీద కూర్చునే మనిషి దగ్గర సైన్సు నేర్చుకోవడం నావల్ల కాలేదు. ఇంతకంటే మర్యాదైన కారణం వెతికితే దొరకదు.

ఇంకో సంగతి. గుడ్డ అడుగున మూల ఆయన మా ఇద్దరి పేర్లూ పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు. ఫేర్‌లో సబ్జెక్టు టీచరు పేరే ఉండాలండి, అది పద్ధతి అని చెప్పాను. అలాంటి పద్ధతేదీ లేదు. ఆయన తన పేరు చెరిపేసి నా పేరు ఒక్కటే గుండ్రటి అక్షరాలతో రాశాడు.

ఫేర్ రోజు స్కూలంతా మామిడాకుల తోరణాలు. ఎ.కొండూరు నుంచీ, చుట్టుపక్కల ఊళ్ళనుంచీ పిల్లలు వచ్చారు. మా గుడ్డని పెద్ద హాలులో గోడ నిండా కట్టాం. లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు అక్కడే ఆగిపోయారు. డ్రాయింగు మాస్టారు ఇస్త్రీ బట్టలు వేసుకుని ఒక మూల నిలబడ్డాడు. వాళ్ళ నాన్న కూడా కొలిమి ఆపి కొడుకు పని చూడ్డానికి వచ్చి, చెప్పులు గుమ్మం బయటే వదిలి, జనం వెనక నిలబడ్డాడు.

పదకొండింటికి ఆఫీసరుగారు, మా హెడ్మాస్టరుగారు, విజయవాడ నుంచి జడ్జిగా వచ్చిన కాలేజీ లెక్చరరు కలిసి హాల్లోకొచ్చారు. ఆఫీసరుగారు గుడ్డని చూసి, బ్రహ్మాండంగా ఉందయ్యా అన్నారు. హెడ్మాస్టరుగారి ముఖం వెలిగిపోయింది. నేను కర్ర పుచ్చుకుని ధూళిమేఘం నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయాను. ఎర్రగోళం దగ్గరికి రాగానే లెక్చరరుగారు కళ్ళద్దాలు సవరించుకుని ముందుకి వంగారు.

"ఇదేంటండీ, వేడి మొత్తం తిరగేసి ఉంది. ఎర్ర నక్షత్రం పైభాగం కదా అన్నిటికంటే చల్లన. నీలం, తెలుపు వేడి. థర్మామీటర్లన్నీ తప్పే."

ఆఫీసరుగారు గుడ్డ మూలనున్న పేరు చదివి నావైపు చూశారు. ఆ చూపు నా మీద నిలిచినంతసేపట్లో నాకు విజయవాడ ట్రాన్స్‌ఫర్ కనిపించింది. నా రెండు కాగితాలూ కనిపించాయి. షెడ్డులో ఆయన ఆపిన కుంచె కూడా కనిపించింది. తప్పు నాదని ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. తెలియక అన్నానని చెప్పుకునే వీలు లేదు.

"రంగులూ థర్మామీటర్లూ వేసింది మా డ్రాయింగు మాస్టారండీ" అన్నాను.

చూడండి, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అక్కడితో ఆగినా కొంత మిగిలేది. ఆగలేదు. చిన్నప్పట్నుంచీ కొలిమి చూసిన ఆయనకి సులువుగా అర్థమయ్యేదే కదండీ, కొలిమిలో ఇనుము ఎర్రగా ఉన్నప్పుడు వంగుతుంది అంతే, తెల్లగా కాగితేనే అతుక్కుంటుంది, ఎర్రదానికంటే తెల్లదే వేడి అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. లెక్చరరుగారి ముఖం విప్పారింది. మంచి ఉదాహరణ ఇచ్చారండీ, పిల్లలకి ఇలాగే చెప్పాలి అన్నారు. ఆఫీసరుగారు తలూపారు. మాట ఆయనది, తప్పు నాది. ఆ హాల్లో మాత్రం రెండూ చేతులు మారిపోయాయి.

హెడ్మాస్టరుగారు డ్రాయింగు మాస్టారి వైపు తిరిగి, ఏమయ్యా ఇది అన్నారు. ఆయన నావైపు చూశాడు. ఎంతోసేపు కాదు. నేను కర్ర చివర చూస్తున్నాను.

"పొరపాటైందండి" అన్నాడు ఆయన.

జనం వెనకనుంచి వాళ్ళ నాన్న ఒక్కడే కదిలాడు. ఏదో అనబోయినట్టే ఉంది. కొడుకు తల అడ్డంగా ఊపితే ఆగిపోయాడు. యాభై ఏళ్ళు నిప్పు ముందు నిలబడ్డ మనిషి, తన కొడుకుకి నిప్పు రంగు తెలియదని ఊరి ముందు విని, బయటికెళ్ళి చెప్పులు వేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఉపవాసం విడిచాక డ్రాయింగు మాస్టారు మళ్ళీ హాలుకొచ్చాడు. థర్మామీటర్ల మీద కాగితం ముక్కలు అంటించి, సరైన వరసలో కొత్తవి వేశాడు. రెండో రోజు వచ్చినవాళ్ళంతా తప్పులేని బొమ్మే చూశారు. మూలన నా పేరు అలాగే ఉంది.

వారం తర్వాత ఆయన షెడ్డు దగ్గర నన్ను ఆపాడు. కోపం లేదు. ఉంటే బాగుండేది. హెడ్మాస్టరుగారు తన కాగితం ఇంకా పంపలేదనీ, పై ఆఫీసునుంచి పని నాణ్యత గురించి అడిగారని అంటున్నారనీ చెప్పాడు.

"అందరి ముందు వద్దు సార్. ఆయన గదిలో, ఆయనతో ఒక్క మాట చెప్పండి. వేడి లెక్క నేను రాసింది కాదని. మీరు చెబితే వింటారు."

తప్పకుండా చెబుతానన్నాను. అప్పుడు నిజంగానే చెబుదామనుకున్నాను. మర్నాడు హెడ్మాస్టరుగారు చిరాగ్గా ఉన్నారు. ఆ పై వారం ఊళ్ళో లేరు. తర్వాత యూనిట్ పరీక్షలొచ్చాయి. ఒక రోజు గది గుమ్మం దాకా వెళ్ళి, లోపల ఎవరో ఉన్నారని వెనక్కి వచ్చాను. లోపల ఉన్నది గడియారానికి కీ ఇస్తున్న అటెండరు. డ్రాయింగు మాస్టారు మళ్ళీ అడగలేదు. రోజూ పొద్దున నమస్తే సార్ అని మాత్రం, మామూలుకంటే ఒక క్షణం ఎక్కువ ఆగి అనేవాడు. నేను రిజిస్టరులో తలదూర్చేవాణ్ణి. అలా ఏప్రిల్ వచ్చింది. స్కూలు మూసేశారు.

నేను పోగొట్టుకునేది ఏముంది? పర్మనెంటు ఉద్యోగం, వెనక పొలం. హెడ్మాస్టరుగారు రెండు మాటలు అనేవారు, మర్నాటికి మర్చిపోయేవారు. నా పరువులో పిసరంత తగ్గేది. అటువైపు ఉన్నది ఒక మనిషి బతుకు. ఈ రెండూ తూచడానికి నాకు ఏప్రిల్ దాకా టైమిచ్చారు, అయినా తప్పే తూచాను.

జూన్లో స్కూలు తెరిచేసరికి బెంచీ మీద కొత్త డ్రాయింగు మాస్టారు కూర్చుని ఉన్నాడు. పాతాయన గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మరుసటి ఏడు నాకు విజయవాడ ట్రాన్స్‌ఫర్ వచ్చింది. సైన్సు ఫేర్‌లో చొరవ చూపినందుకు ఆఫీసరుగారు మంచి మాట రాశారట.

అక్కడ కొత్త క్లాసులో మొదటిసారి నక్షత్రాల పాఠం చెప్పాల్సొచ్చినప్పుడు, కొలిమి దానంతటదే నోటికొచ్చింది. పిల్లల కళ్ళు మెరిశాయి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ చెప్పాను. ఇనుము అతుకు వెయ్యడం నేను ఈ రోజుకీ కళ్ళతో చూడలేదు.

ఆయన్ని మళ్ళీ ఒకే ఒక్కసారి, ట్రాన్స్‌ఫరైన కొన్నేళ్ళకి కలిశాను. మా నాన్న పొలం పనిమీద వెళ్ళి తిరిగొస్తూ తిరువూరు బస్టాండులో నిలబడ్డాను. ఎదురుగా ఎరువుల కొట్టు ముందు నిచ్చెన మీద ఎవరో బోర్డు రాస్తున్నారు. అక్షరాల గుండ్రదనం చూసి గుర్తుపట్టాను, మనిషిని చూసి కాదు. జుట్టు చాలావరకు నెరిసింది. నేను పక్కకి జరిగేలోపే ఆయన చూశాడు. కుంచె డబ్బాలో పెట్టి, నిచ్చెన దిగి, చేతులు గుడ్డకి తుడుచుకుని వచ్చాడు. నమస్తే సార్, బాగున్నారా అన్నాడు. పిల్లల గురించి అడిగాను. పెద్దమ్మాయి బడి మానేసి వాళ్ళమ్మకి తోడుగా ఇంట్లోనే ఉంటోందన్నాడు. నాన్న పోయాడనీ, కొలిమి తీసేశామనీ చెప్పాడు. ఆయనే అడిగాడు.

"ఇప్పుడు పిల్లలకి నక్షత్రాలు ఎట్లా చెబుతున్నారు సార్?"

"కొలిమి ఉదాహరణ చెబుతున్నా మాస్టారూ."

ఆయన కాసేపు నా ముఖంలోకి చూశాడు. వెక్కిరింత కోసం వెతికాను. లేదు.

"మంచిది సార్. అట్లా చెబితే వాళ్ళకి బాగా అర్థమవుద్ది" అన్నాడు.

క్షమించమని అడగాలి. ఆ మాట గొంతుదాకా వచ్చింది. అప్పుడే విజయవాడ బస్సు కూడా వచ్చింది. దాని వెనక అరగంటకి ఇంకోటి ఉంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఎక్కేశాను.